తట్టలు మార్చి తూయుడి



ఏలూరు మొదలుకొని తాడేపల్లిగూడెము వరకును, అక్కడనుండి దిగువకు కొల్లేటి లంక గ్రామముల వరకును మన సంఘములలో ఒక ప్రశ్న తరచుగా వినబడుచున్నది. ఇద్దరు మనుష్యులు చేతిసంచిలో పుస్తకములు పెట్టుకొని, ఎండలో నడచి, ఒక విశ్వాసి ఇంటికి వత్తురు. మర్యాదగా మాటలాడుదురు. యోహాను సువార్త తెరచి మొదటి వచనము చూపుదురు. వాక్యమును దేవుడని చెప్పుట మీ బోధకులు తమ సిద్ధాంతము కొరకు చేసికొన్న తర్జుమాయనియు, అసలు గ్రీకుమాటకు అర్థము వేరనియు చెప్పుదురు. వారు వెళ్లిన తరువాత ఆ ఇంటివారు రెండు పుస్తకములను ప్రక్క ప్రక్కన పెట్టుకొని చూచి, ఏది నిజమో తోచక, ఆదివారమున బోధకుని యొద్దకు వత్తురు.

ఆ పుస్తకమును పొయ్యిలో వేయుమని చెప్పి పంపివేయుట సులభమే. కాని అది జవాబు కాదు. పుస్తకము కాలిపోవును గాని ప్రశ్న కాలిపోదు. అది ఆ ఇంటి చదువుకొన్న కుమారుని మనస్సులో నిలిచియుండును. కాబట్టి ఈ మాసము మీతో కలిసి ఆ ప్రశ్నను నెమ్మదిగా విచారింపగోరుచున్నాను. గ్రీకు చదువనివారు దీనిని గ్రహింపలేరని ఎవరును వెనుదీయవలదు. చేపలు తూచి అమ్మిన చేతులకును, ధాన్యము కొలిచిన చేతులకును ఇందులో తెలియనిది ఏమియు లేదు.

ప్రశ్నలో నిజముగా రెండు ప్రశ్నలున్నవి. తర్జుమా చేయువాని మతము అతని తర్జుమాలోనికి చొరబడునా? చొరబడిన యెడల, ఏ తర్జుమా న్యాయముగా తూచినదో సామాన్య విశ్వాసి ఎట్లు తెలిసికొనవలెను?

మొదటి ప్రశ్నకు జవాబు దాచకుండ చెప్పెదను. చొరబడును. కొలుచువానికి లాభనష్టములున్న చోటనెల్ల ఈ శోధన యున్నది. మన కొల్లేటి అంచు ఎక్కడ అను ప్రశ్ననే చూడుడి. 1999లో 5వ కాంటూరు వరకు అభయారణ్యమని ప్రకటింపబడినది. 2006లో దానిలోపలి చేపల చెరువుల గట్లు కొట్టివేయబడినవి. గీత 5 దగ్గర ఉండవలెనా, 3 దగ్గర ఉండవలెనా అని వాదములు జరిగినవి. నీళ్లు ఒక్కటే, నేల ఒక్కటే. అయినను గీత ఎక్కడ పడవలెనని కోరుట, ఎవరి చెరువు ఎక్కడ ఉన్నదో దానినిబట్టి యుండెను. లేఖనము తర్జుమా చేయువాడును మనుష్యుడే. అతనికిని ఒక సంఘమున్నది, ఒక విశ్వాసమున్నది, గెలువవలెనను కోరికయు ఉన్నది.

పైగా, ఎంత న్యాయవంతుడైనను అతడు ఎంపిక చేయక తప్పదు. యోహాను సువార్త మొదటి వచనములనే తీసికొనుడి. గ్రీకులో వాక్యమునకున్న మాట వ్యాకరణమునుబట్టి పుంలింగము. తెలుగులో "వాక్యము" అట్టిది కాదు. మనము దానిని "అది" అందుము. కాబట్టి రెండవ వచనమునకు వచ్చునప్పటికి తెలుగు తర్జుమాదారులు "అది" అని వ్రాయవలెనా, "ఆయన" అని వ్రాయవలెనా నిర్ణయింపవలసివచ్చెను. వారు "ఆయన" అని వ్రాసిరి. ఇంగ్లీషులో మొదట గ్రీకునుండి క్రొత్త నిబంధనను తర్జుమా చేసిన విలియం టిండేలు అదే తావున, మూడవ వచనములో, "అది" అను అర్థమిచ్చు మాటను వాడెను. టిండేలు క్రీస్తు దైవత్వమును నమ్మినవాడే. తన విశ్వాసము నిమిత్తము 1536లో చంపబడినవాడే. అయినను అతడు ఒక మాట ఎంచుకొనెను, మనవారు మరియొక మాట ఎంచుకొనిరి. మనవారి ఎంపికకు ఆధారము లేకపోలేదు. పదునాలుగవ వచనములో ఆ వాక్యము శరీరధారియై వచ్చినట్లు యోహానే చెప్పుచున్నాడు. అయినను అది ఎంపికయే. మన పుస్తకములో మనుష్యుల చెయ్యి పడలేదని మనము వాదించిన యెడల, సత్యము పేరుతో అసత్యము పలికినవారమగుదుము.

ఆ చేతులు ఎవరివో కొంచెము తెలిసికొనుట మంచిది. బెంజమిన్ షుల్జు అను జర్మను మిషనెరీ మద్రాసులో ఉండి 1732 నాటికి బైబిలును తెలుగులోనికి మార్చెను గాని అది అచ్చుకు రాలేదు. 1805లో లండను మిషనెరీలైన జార్జి క్రాను, అగస్టస్ డెగ్రాంజెసు విశాఖపట్టణమునకు వచ్చిరి. వారికి తోడుగా ఆనందరాయరు అను తెలుగు బ్రాహ్మణ విశ్వాసి పనిచేసెను. క్రాను 1809లోను, డెగ్రాంజెసు 1810లోను మరణించిరి. వారు తర్జుమా చేసిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాలులోని శ్రీరాంపురమున అచ్చుపడినవి. ఆ సంవత్సరము మార్చి నెలలోనే అక్కడి ముద్రణాలయము అగ్నికి ఆహుతియైనను, విలియం కేరీ మొదలైనవారు పని మానక 1818లో తెలుగు క్రొత్త నిబంధనను వెలువరించిరి. తరువాత వేర్వేరు మిషనులవారు దానిని దిద్దుచు, మరల దిద్దుచు వచ్చిరి. నేడు మనము గుడులలో చదువు గ్రంథము ఒక్క మనుష్యుని పని కాదు, ఒక్క మిషను పనియు కాదు.

ఒక్క మిషను పని కాకపోవుట వలన కలిగిన మేలు ఒకటి మన కన్నుల యెదుటనే యున్నది. మన ప్రాంతములో నరసాపురమునకు బౌడెను, బీరు అను బ్రదరెన్ మిషనెరీలు వచ్చిరి. ఏలూరులో ఇంగ్లండు సంఘపు మిషను, తాడేపల్లిగూడెములో లూథరను మిషను, ఆకివీడులో కెనడా బాప్తిస్టు మిషను పనిచేసినవి. కొందరు నీళ్లు చిలకరింతురు, కొందరు కాలువలో ముంచుదురు. గ్రీకుమాటకు ముంచుట అను అర్థము కలదని బాప్తిస్టులు పట్టుపట్టి, బెంగాలీ తర్జుమాలో అట్లే వ్రాసిరి. దానిని ముద్రించుటకు సహాయము చేయమని అమెరికా బైబిలు సొసైటీ వారు 1836లో తీర్మానించిరి. ఆ పట్టున సొసైటీలే చీలిపోయెను. తెలుగులో మాత్రము ఆ మాటను తర్జుమా చేయకుండ "బాప్తిస్మము" అని గ్రీకు శబ్దమునే ఉంచిరి. అందువలన లూథరను విశ్వాసియు బాప్తిస్టు విశ్వాసియు ఒకే గ్రంథమును చదువగలుగుచున్నారు. కథోలిక సహోదరులు "జ్ఞానస్నానము" అందురు. క్రీస్తు దైవత్వమును ఒప్పుకొనినవారి మధ్యనే ఒక్క మాట కొరకు ఇంత పోరాటము జరిగినదని జ్ఞాపకముంచుకొనుడి. పక్షపాతము పరాయివారికి మాత్రమే వచ్చు జబ్బు కాదు.

మన తెలుగు సువార్తలు అచ్చుపడిన శ్రీరాంపురమునకు దగ్గరనే, కలకత్తాలో, క్రీస్తు దైవత్వమును గూర్చియు ఇట్టి వాదము పుట్టెను. రాజా రామమోహన రాయలు 1820లో యేసు బోధలను ఏర్చి ఒక పుస్తకము ప్రకటించెను. యేసు బోధలు అతనికి ప్రియమైనవి. యేసు దేవుడనుట అతనికి సమ్మతము కాలేదు. శ్రీరాంపురపు మార్ష్‌మన్ దొర అతనికి ఎదురు వ్రాసెను. అదే కాలమున విలియం ఆడము, విలియం యేట్సు అను ఇద్దరు బాప్తిస్టు మిషనెరీలు రాయలతో కూర్చుండి సువార్తలను బెంగాలీలోనికి మార్చుచుండిరి. యోహాను మొదటి అధ్యాయము మూడవ వచనము దగ్గర పని నిలిచిపోయెను. సమస్తమును వాక్యము "చేత" కలిగెను అనవలెనా, వాక్యము "ద్వారా" కలిగెను అనవలెనా? "ద్వారా" అనుటయే సరియని రాయలును ఆడమును చెప్పిరి. యేట్సు దానికి ఒప్పుకొనక ఆ పనినుండి తొలగిపోయెను. ఆడము ఆలోచించి ఆలోచించి, 1821లో క్రీస్తు దైవత్వమును విడిచి ఏకత్వవాదులలో కలిసిపోయెను.

ఈ కథను దాచవలసిన పనిలేదు. గ్రీకులో అక్కడ ఉన్న "దియా" అను చిన్న మాటకు "ద్వారా" అను అర్థమే తగినది. మాట విషయములో ఆడము చెప్పినది న్యాయమే. అయితే ఆ మాటనుండి అతడు చేసికొన్న నిర్ణయము న్యాయమా? రోమా పత్రిక పదునొకండవ అధ్యాయము చివర పౌలు తండ్రియైన దేవుని గూర్చి చెప్పుచు అదే "దియా"ను వాడెను. హెబ్రీ పత్రిక రెండవ అధ్యాయము పదియవ వచనములోను దేవుని గూర్చి అదే మాట యున్నది. "ద్వారా" అనుట తక్కువవానికి మాత్రమే చెల్లు మాటయైన యెడల, తండ్రియు తక్కువవాడే కావలసివచ్చును. మన తెలుగులో "మూలముగా" అని యున్నది. ఆ మాట గ్రీకునకు దగ్గరగానే యున్నది. యేట్సు భయపడినట్లు, క్రీస్తు మహిమను కాపాడుటకు "చేత" అను మాటను పట్టుకొని వ్రేలాడవలసిన అవసరము లేకపోయెను.

ఇప్పుడు రెండవ ప్రశ్నకు వత్తము. న్యాయపు తర్జుమాను ఎట్లు గుర్తించవలెను?

ఎలక్ట్రానిక్ కాటాలు రాకమునుపు చేపలు కొను షావుకారు చేతిలో త్రాసు ఉండెడిది. దండి కొట్టువాడు ఎవడో, సరిగా తూచువాడు ఎవడో మన పెద్దలు ఎట్లు కనిపెట్టెడివారు? త్రాసు వైపు చూచుచు కూర్చుండుట వలన తెలియదు. తట్టలు మార్చి తూయుమనెడివారు. రాయి ఉన్న తట్టలో చేపలు, చేపలున్న తట్టలో రాయి. నిజమైన త్రాసు ఎటు తిప్పినను ఒకే తూకము చూపును. మోసపు త్రాసు ఒకవైపున మాత్రమే షావుకారునకు అనుకూలముగా నుండును. మోసపు త్రాసును దేవుడు అసహ్యించుకొనునని సామెతల గ్రంథము చెప్పుచున్నది. అది చేపలకు మాత్రమే చెప్పిన మాట కాదు.

తర్జుమాకును ఇదే పరీక్ష. తనకు లాభము వచ్చు చోట ఒక నియమమును, నష్టము వచ్చు చోట మరియొక నియమమును వాడినదా? లేక రెండు చోట్లను ఒకే నియమమును నిలిపినదా?

మొదట మన గ్రంథమునే తూయుదము. యోహాను మొదటి పత్రిక అయిదవ అధ్యాయము ఏడవ వచనములో, 1611 నాటి ఇంగ్లీషు బైబిలునందు తండ్రి, వాక్యము, పరిశుద్ధాత్మ అను ముగ్గురు ఒక్కటేయని చెప్పు మాటలున్నవి. త్రిత్వమునకు ఇంతకంటె సూటియైన రుజువు మరి ఎక్కడను దొరకదు. అయితే పురాతన గ్రీకు ప్రతులలో ఆ మాటలు లేవు. ఎరాస్మసు 1516లోను 1519లోను అచ్చువేసిన గ్రీకు క్రొత్త నిబంధనలలో అవి లేవు. 1522 అచ్చులో మాత్రము చేరినవి. ఇప్పుడు మీ తెలుగు బైబిలు తెరచి చూడుడి. అక్కడ సాక్ష్యమిచ్చు ముగ్గురు ఎవరనగా ఆత్మయు, నీళ్లును, రక్తమును మాత్రమే. మనకు అంత లాభకరమైన మాటను మన తర్జుమాదారులు విడిచిపెట్టిరి. ఏలయనగా అది అపొస్తలుడు వ్రాసినది కాదు.

తిమోతి మొదటి పత్రిక మూడవ అధ్యాయము పదునారవ వచనములో ఆ ఇంగ్లీషు బైబిలు, శరీరములో ప్రత్యక్షమైనవాడు "దేవుడు" అని వ్రాసెను. మన తెలుగులో "ఆయన" అని మాత్రమే యున్నది. మిక్కిలి పురాతనమైన ప్రతులు అట్లే పలుకుచున్నవి గనుక ఇక్కడను మనవారు ఒక రుజువును వదలుకొనిరి.

సామెతలు ఎనిమిదవ అధ్యాయము ఇరువది రెండవ వచనమైతే ఇంకను గట్టి పరీక్ష. నాలుగవ శతాబ్దములో అలెగ్జాండ్రియ పట్టణపు పెద్దయైన అరియ, కుమారుడు సృష్టింపబడినవాడని బోధించినప్పుడు, అతని పక్షమువారు ముఖ్యముగా పట్టుకొనిన వచనములలో అదియొకటి. అక్కడ జ్ఞానము తన పుట్టుకను గూర్చి మాటలాడుచున్నది. 325వ సంవత్సరమున నైసియలో కూడిన మహాసభ అరియ బోధను త్రోసివేసెను. అయినను ఆ వచనములోని హెబ్రీ మాటకు సంపాదించుకొనుట, కలిగియుండుట, కలుగజేయుట అను అర్థములు చెప్పుదురు. అరియకు భయపడినవాడు "కలిగియుండెను" అని వ్రాసి తప్పించుకొనవచ్చును. మన తెలుగు బైబిలులో "కలుగజేసెను" అనియే యున్నది. అరియ పక్షమువారికి నచ్చు మాటను మనవారు భయపడక వ్రాసిరి.

చూచితిరా? తట్టలు మార్చినను మన త్రాసు ఈ మూడు చోట్లను వంకర పోలేదు. క్రీస్తు మహిమకు అబద్ధపు సాక్షి అక్కరలేదని ఆ తర్జుమాదారులు నమ్మిరి. ఇది నాకు వారి ప్రసంగములన్నిటికంటె గొప్ప ప్రసంగముగా కనబడుచున్నది.

ఇక "ఒక దేవుడు" అను తర్జుమాను తూయుదము. ఇది క్రొత్తది కాదు. 1808లో లండనులో ఏకత్వవాదులు వెలువరించిన క్రొత్త నిబంధనలోను ఇది యుండెను. యెహోవా సాక్షుల క్రొత్త లోక అనువాదపు క్రొత్త నిబంధన 1950లోను, పూర్ణ గ్రంథము 1961లోను ఇంగ్లీషున వచ్చినవి. నేడు అది తెలుగులోను దొరకును. వారి వాదము ఏమనగా, గ్రీకులో "దేవునియొద్ద" అనుచోట దేవుడను మాటకు ముందు ఒక నిర్దేశక పదము కలదు, వాక్యమును దేవుడనుచోట ఆ పదము లేదు. కాబట్టి అక్కడ "ఒక దేవుడు" అనవలెను.

ఆ పదము లేదనుట నిజమే. అయితే తట్టలు మార్చుదము. అదే అధ్యాయము ఆరవ వచనములో యోహాను దేవునియొద్దనుండి పంపబడెననుచోట ఆ పదము లేదు. పండ్రెండవ వచనములో దేవుని పిల్లలనుచోట లేదు. పదుమూడవ వచనములో లేదు. ఎవడును ఎప్పుడును దేవుని చూడలేదను పదునెనిమిదవ వచనములోను లేదు. ఈ నాలుగు చోట్లను ఆ అనువాదము "ఒక దేవుడు" అనక దేవుడనియే వ్రాసెను. నియమము నియమమైతే అన్ని చోట్లను ఉండవలెను. క్రీస్తును గూర్చిన చోట మాత్రమే రాయి బరువు మారినచో, ఆ త్రాసును గూర్చి మీరే తీర్పు చెప్పుడి. మరియు తోమా పునరుత్థానుడైన ప్రభువును తన దేవుడని పిలిచిన చోట, గ్రీకులో ఆ నిర్దేశక పదము ఉండనే యున్నది. కొలొస్స పత్రిక మొదటి అధ్యాయములో సమస్తమును ఆయనయందు సృజింపబడెననుచోట, ఆ ఇంగ్లీషు అనువాదము "ఇతర" అను అర్థమిచ్చు మాటను చేర్చెను. పూర్వపు అచ్చులలో దానికి గుర్తుగా కుండలీకరణముండెను. 2013 అచ్చులో అదియు తీసివేయబడెను. గ్రీకులో ఆ మాట లేదు.

మనవైపు తట్టను కూడ మరల చూడవలెను. 1933లో కాల్వెల్ అను అమెరికా పండితుడు ఇట్టి వాక్యములలో ఆ నిర్దేశక పదము తరచుగా లోపించునని చూపెను. మనవారిలో కొందరు అదియే క్రీస్తు దైవత్వమునకు తిరుగులేని రుజువని చెప్పసాగిరి. ఆ సూత్రము అంత బరువు మోయజాలదని తరువాతి పండితులు చూపిరి. ఆ పదము లేకపోవుట తెలుపునదేమనగా, వాక్యము ఎవరు అనుటకంటె వాక్యము ఎట్టిది అను సంగతి. తెల్లవారుజామున కొల్లేటి మంచులో దూరమున దోనెపై ఏదో కనబడును. అది కొంగయా, మనిషియా? "మనిషే" అందుము. ఆ మాట అతని పేరు చెప్పదు. వందమందిలో ఒకడని లెక్కయు చెప్పదు. అతడు ఏమైయున్నాడో చెప్పును. "దేవుడై యుండెను" అను మన తెలుగు మాట సరిగా ఆ పనియే చేయుచున్నది. వాక్యము తండ్రియే యని చెప్పలేదు. తండ్రియొద్ద ఉండెనని అంతకుముందే చెప్పెను. తండ్రి ఏమైయుండెనో వాక్యమును అదియే యని చెప్పుచున్నది.

ఇందులో ఇంకొక విశేషము కలదు. ఇంగ్లీషువాడు పేరు ముందు "ఒక" అను అర్థముగల చిన్న అక్షరమును నిత్యము వాడును. అది అతని చెవికి తగులనే తగులదు. తెలుగు భాషకు ఆ అలవాటు లేదు. "మా నాయన రైతు" అందుము. కాబట్టి తెలుగులో "ఒక దేవుడు" అని వ్రాయవలెనన్న, గ్రీకులో లేని మాటను బుద్ధిపూర్వకముగా తెచ్చి పెట్టవలెను. పెట్టిన తరువాత ఆ మాట మన ఊళ్లలో ఏమని వినబడునో ఆలోచించుడి. మన పితరులలో అనేకులు గంగానమ్మకు మ్రొక్కినవారు, కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు నడచినవారు. వారికి "ఒక దేవుడు" అనగా ఉన్న దేవతలతోపాటు మరియొకడు అని అర్థము. వారు వాటిని విడిచి వచ్చినది దేవుడు ఒక్కడే యని విని. ఇరుగుపొరుగువారి కోపమును సహించి, కొందరు పనిని కోల్పోయి, ఆ ఒక్కని కొరకు వచ్చిరి. క్రీస్తు "ఒక దేవుడు" మాత్రమే యైన యెడల, మనము అనేక దేవతలను విడిచి ఇద్దరు దేవుళ్లను కొలుచుచున్నవారమగుదుము, ఒకడు పెద్ద, ఒకడు చిన్న. ఆయన సృష్టింపబడినవాడైతే ఆయనకు పాడు ప్రతి కీర్తనయు విగ్రహారాధనయే. దేవుని ఏకత్వమును కాపాడబోయిన మాట ఆ ఏకత్వమునకే గండి కొట్టుచున్నది.

ఇక్కడ కొందరు చదువరులు ఒక మాట అడుగుదురు. తండ్రి నాకంటె గొప్పవాడను భావము యేసే పలికెను గదా? ఆ దినమును గూర్చి కుమారునికిని తెలియదనెను గదా? అవును. యోహాను పదునాలుగవ అధ్యాయములోను, మార్కు పదుమూడవ అధ్యాయములోను ఆ సంగతులున్నవి. మన తెలుగు బైబిలు వాటిని దాచలేదు; మనమును దాచకూడదు. ఇవి బరువైన వచనములే. వాటికి సంఘము చెప్పిన జవాబు ఫిలిప్పీ పత్రిక రెండవ అధ్యాయములో ఉన్నది: దేవుని స్వరూపము కలిగినవాడు తన్ను తాను రిక్తునిగా చేసికొని దాసుని స్వరూపము ధరించెను. దాసుడై నడచిన దినములలో దాసునివలె మాటలాడెను. ఈ జవాబుతో ప్రతి చిక్కును విడిపోయినదని నేను చెప్పను. అయితే రెండు వైపుల వచనములను చేత పట్టుకొని నిలుచుటయే విశ్వాసము. ఒక వైపువాటిని గీకివేయుట విశ్వాసము కాదు.

చదువరులారా, ఇదంతయు పండితుల వాదమని మీకు తోచిన యెడల, ఊరి వెలుపలనున్న మన పేటలను తలంచుడి. ఆ కాలమున పెద్ద రైతునకు పేటలో పని పడినచో తాను రాడు, పాలేరును పంపును. పాలేరు వచ్చి కబురు చెప్పి పోవును. ఆ కబురు మంచిదే కావచ్చును. అయినను మన వాకిట నిలిచినది ఆయన కాదు. క్రీస్తు ఎవరు అను ప్రశ్న మనకు ఈ ప్రశ్నయే. దేవుడు మన పేటకు తానే వచ్చెనా, లేక తాను పైననే యుండి సృష్టింపబడిన ఒక సేవకుని పంపెనా? యోహాను పదునాలుగవ వచనములో నివసించుటకు వాడిన గ్రీకుమాటకు గుడారము వేసికొనుట అని అర్థము. బాతులు మేపువారు చేలగట్టుపై గుడిసె వేసికొని, అదే ఎండలో, అదే వానలో మన మధ్య ఉందురే, అట్లు. దేవుడు పాలేరును పంపలేదు. తానే పాలేరై వచ్చెను. ఇది నిజము కాని యెడల మన సువార్త మంచి కబురు మాత్రమే. నిజమైన యెడల మన చావు పడకయొద్ద నిలుచువాడు దేవుడే.

కావున ఆ ఇద్దరు మీ ఇంటికి మరల వచ్చినప్పుడు ఏమి చేయవలెను? దాహమునకు మంచినీళ్లు ఇయ్యుడి. వారును మనస్సాక్షి నిమిత్తము నిందలు సహించు జనులు. జాతీయగీతము వేళ లేచి నిలిచినను పాడనందుకు బడినుండి తీసివేయబడిన కేరళలోని వారి పిల్లల పక్షమున మన సుప్రీం కోర్టు 1986లో తీర్పు చెప్పెను. వారిని ఎగతాళి చేయవలదు, పుస్తకము చింపవలదు. నెమ్మదిగా ఆరవ వచనము, పండ్రెండవ వచనము, పదుమూడవ వచనము, పదునెనిమిదవ వచనము చూపి, ఇక్కడ తూకము ఏల మారెనని అడుగుడి. మనలను వారు అడుగునప్పుడును అంతే ఓర్పుతో వినుడి.

మరియు మీ పిల్లలకు ఈ సంగతులు మీరే ముందుగా చెప్పుడి. పట్టణములో చదువుకొను కుమారుడు యోహాను మొదటి పత్రికలోని ఆ మాటల సంగతి పరాయివాని నోట విని, మా పెద్దలు నన్ను మోసపుచ్చిరని తలంచుట కంటె, ఇంటి దీపము క్రింద తండ్రి నోట వినుట మేలు. సత్యమును ప్రేమించి రుజువును వదలుకొనిన మనుష్యులు తర్జుమా చేసిన గ్రంథము మన చేతిలో ఉన్నదని వాడు తెలిసికొనిన యెడల, ఆ గ్రంథమును ఎక్కువగానే నమ్మును.

చివరగా, తట్టలు మార్చవలసిన త్రాసు మన హృదయములోను ఒకటి కలదు. వాక్యము దేవుడని పుస్తకములో సరిగా వ్రాసికొని, బ్రదుకులో ఆయనను "ఒక దేవుని"గా, ధనము తరువాత, కులము తరువాత, పంట తరువాత లెక్కించువాడు చేయు తర్జుమా అన్నిటికంటె చెడ్డది. పొరుగువాడు గ్రీకు చదువడు, తెలుగు బైబిలును తెరువడు. మన నడతను మాత్రము ప్రతి దినము చదువుచున్నాడు. అందులో క్రీస్తు దేవుడుగా కనబడునట్లు ప్రభువు మనకు కృప దయచేయును గాక. ఆమేన్.